పోర్పాయిస్ కార్జం నిండా పురుగులు, చచ్చింది వాటివల్లేనా?

కడలిగాలి:
అందరికీ నమస్కారం. ఉత్తర సముద్రం ఒడ్డున చచ్చి పడి ఉన్న హార్బర్ పోర్పాయిస్‌కి పోస్ట్‌మార్టం చేస్తున్న వీడియో ఒకటి చూశాను. పోర్పాయిస్ అంటే తెలియనివాళ్లకి, డాల్ఫిన్‌కి దగ్గర చుట్టమే, మూతి పొడుగ్గా ఉండదు, ఒళ్లు కూడా చిన్నదే, మనిషంత పొడవు ఉంటే ఎక్కువ. కార్జం కోసి వేలితో కాస్త నొక్కితే గొట్టాల్లోంచి లేత గోధుమరంగు పురుగులు ఒకదాని వెనక ఒకటి బయటికొస్తున్నాయి. కోస్తున్నావిడ మాత్రం ఏమీ పట్టనట్టు, ఇది మామూలే అని పక్కన పెట్టేసి ఊపిరితిత్తుల వైపు వెళ్లిపోయింది. నాకైతే కడుపులో తిప్పేసింది. కార్జం అలా ఉంటే మామూలేంటండీ? అది చచ్చింది వాటివల్ల కాదా? తెలిసినవాళ్లు చెప్పండి.

సిరిసిల్ల_పశువైద్యుడు:
నేను సముద్రం మనిషిని కాదు గానీ ఈ బాపతు మాకు రోజూ పనే. మా దగ్గర చెరువు కింద మేసే గేదెలకీ గొర్రెలకీ కార్జపు జలగలు పడతాయి, ఫాసియోలా జైగాంటికా అంటారు. నీళ్లలో నత్త ఉంటే చాలు, దాంట్లో పెరిగి గడ్డికి అంటుకుంటుంది, గడ్డి మేస్తే లోపలికి. గేదె కార్జం కోస్తే పిత్తనాళాలు గట్టిపడి, సున్నం పేరుకుని, కత్తికి కరకరమని తగులుతాయి. అయినా ఆ గేదె బతికే ఉంటుంది. పాలు తగ్గుతాయి, చిక్కిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది. గొర్రెలు వేరు, పిల్ల జలగలు ఒకేసారి ఎక్కువ పడి కార్జం తొలుచుకుంటూ పోతే టపటపా పోతాయి. కాబట్టి పురుగులు ఉన్నాయా లేవా అన్నది మేము మొదట అడిగే ప్రశ్న కాదు. ఎన్ని, ఎంత వయసు జంతువులో, చుట్టూ కణజాలం ఏమైంది అన్నది చూస్తాం.

సందేహాల_రావు:
డాక్టర్ గారూ, గేదె గడ్డి తింటుంది సరే. డాల్ఫిన్ గడ్డి తినదు కదా, దానికెలా ఎక్కుతాయి?

డచ్చి_పద్మ:
ఈ ప్రశ్న నాకు వదిలేయండి రావుగారూ, నేనుండేది నెదర్లాండ్స్‌లోనే. ఇక్కడ ఒడ్డుకొచ్చిన పోర్పాయిస్‌లని యూట్రెక్ట్ పశువైద్య కళాశాలలో కోసి చూస్తారు. కడలిగాలి గారు చూసిన పురుగు దాదాపు ఖాయంగా కాంపులా ఆబ్లాంగా అయ్యుంటుంది. 1858లో ఇంగ్లండ్‌లో కాబోల్డ్ అనే ఆయన పేరుపెట్టాడు, అప్పటి నుంచి ఉత్తర సముద్రంలో పోర్పాయిస్‌ని కోసిన ప్రతివాళ్లకీ ఇది పాత పరిచయమే. ఇంచుమించు సెంటీమీటరు లోపే ఉంటుంది, పిత్తనాళాల్లోనూ క్లోమం నాళాల్లోనూ కాపురం. నాళం గోడలు దళసరి అవుతాయి, చుట్టూ మచ్చకట్టిన కణజాలం పెరుగుతుంది, కోస్తే కార్జంలో తెల్లటి గొట్టాలు పైకి తేలి కనిపిస్తాయి, డాక్టర్ గారు చెప్పిన గేదె కార్జానికి చిన్న తమ్ముడిలా.

ఎలా ఎక్కుతాయంటే తిండి ద్వారానే. ఈ పురుగుల కుటుంబం పేరు బ్రాకీక్లాడిడే, మొత్తం సముద్రపు క్షీరదాలకే అంకితం. వీటి జీవితచక్రం ఎంత కాలం ఎవరికీ పట్టుబడలేదో చెబితే నవ్వొస్తుంది. పెద్ద పురుగులకి పందొమ్మిదో శతాబ్దంలోనే పేర్లు పెట్టుకున్నారు, వాటి పిల్లలు సముద్రంలో ఎక్కడుంటాయో మాత్రం తెలియదు. ఈ కుటుంబంలో ఒక పురుగు కథ మొదటిసారి పూర్తిగా తేలింది 2020లో, అదీ డాల్ఫిన్‌ది కాదు, సీల్‌కి పట్టేది, రష్యా వాళ్లు తేల్చారు. ముందు సముద్రపు నత్త, తర్వాత ఆల్చిప్ప లాంటి రెండు చిప్పల జీవి, దాన్ని తిన్న సీల్. పోర్పాయిస్ ఎక్కువగా తినేది చేపలు కాబట్టి దాని దారిలో చేప ఉండి ఉండాలి.

ఇక అసలు ప్రశ్న. ఇక్కడ చాలా పోర్పాయిస్‌లు చేపల వలల్లో చిక్కి ఊపిరాడక చస్తాయి. వాటిని కోస్తే ఏముంటుందో తెలుసా? చర్మం కింద కొవ్వు మందంగా, కడుపులో అప్పుడే మింగిన చేప, ఒంటి మీద వల గాట్లు, కార్జంలో ఇవే పురుగులు. అంటే తింటూ తిరుగుతూ నిక్షేపంలా ఉన్న జంతువులో కూడా పురుగులున్నాయన్నమాట. ఆ వీడియోలో ఆవిడ మామూలే అన్నది అందుకే, నిర్లక్ష్యం కాదు.

కడలిగాలి:
పద్మ గారూ థాంక్స్. అయినా నమ్మబుద్ధి కావడం లేదు, అంత కార్జం పాడైపోయి ఉంటే.

సిరిసిల్ల_పశువైద్యుడు:
కార్జానికి మిగులు చాలా ఉంటుందమ్మా. సగానికి పైగా పోయినా పని నడిపించేస్తుంది.

జువాలజీ_మేడమ్:
ఆలస్యంగా వచ్చాను, ఒక విషయం తేల్చుకుని ముందుకెళ్దాం, ఎందుకంటే ఇలాంటి చర్చల్లో అన్ని పురుగుల్నీ కలగాపులగం చేసేస్తారు. పోర్పాయిస్ ఊపిరితిత్తుల్లో దారాల ఉండల్లా కనిపించేవి గుండ్రటి పురుగులు, మన ఏలికపాముల జాతి. న్యుమోనియా తెచ్చిపెట్టేవి అవి. ఈ చర్చ చదును పురుగుల గురించి, అంటే ఒకవైపు కార్జపు జలగల లాంటి ట్రెమటోడ్లు, ఇంకోవైపు బద్దెపురుగులు. ట్రెమటోడ్‌కి నోటి దగ్గర ఒక పీల్చు గిన్నె, పొట్ట మీద ఇంకోటి ఉంటాయి, మలద్వారం ఉండదు, దాదాపు ప్రతిదీ ఆడా మగా తానే.

డాల్ఫిన్ ఒంట్లో ఇవి పంచుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. కార్జం కాంపులా బంధువులది. పొట్టలో బ్రౌనినా కార్డిఫార్మిస్ అని ఒకటుంది, బాటిల్‌నోస్ డాల్ఫిన్లలో బాగా కనిపిస్తుంది, హృదయాకారంలో ఉన్న చిన్న సంచీ కాడతో గోడకి వేలాడుతూ ఉంటుంది, కంటితో చూస్తే అది పురుగని ఎవరూ అనుకోరు, ఏదో కాయ కాసిందనుకుంటారు. అదే పొట్టలో ఫోలెటర్ గాస్ట్రోఫిలస్ ఇంకో రకం. రెండు మూడు మిల్లీమీటర్ల పురుగు, పొట్ట గోడ లోపలికి దూరి కూర్చుంటుంది, ఒళ్లు దాని చుట్టూ గట్టి పీచు గడ్డ కడుతుంది. గడ్డ పైన చిన్న కన్నం, గుడ్లు బయటికి పోవడానికి. గడ్డ కోస్తే లోపల గదులు గదులుగా పురుగులు, నల్లటి గుడ్ల ముద్ద. ఇవి పొట్ట నుంచి పేగుకి దారితీసే మెడ దగ్గర ఎక్కువైతే దారి ఇరుకైపోతుంది, అది నిజంగా ఇబ్బందే. మధ్యధరా సముద్రపు చారల డాల్ఫిన్లలో ఈ పరాన్నజీవుల మీద స్పెయిన్‌లో వాలెన్సియా విశ్వవిద్యాలయం వాళ్లు చాలా ఏళ్లుగా పని చేస్తున్నారు.

పాలు తాగే పిల్లల్లో ఈ ట్రెమటోడ్లు ఉండవు, చేపలు మొదలుపెట్టాకే ఎక్కుతాయి. వయసుతో పాటు పోగవుతాయి.

ఉప్పాడ_శ్రీను:
మేడమ్, మా ఇంట్లో మూడు తరాల నుంచి వేటే. ఇవన్నీ చదివాక ఒక్కటే అడుగుతా. డాల్ఫిన్ తినే చేపలే మేమూ తింటాం. మాకూ వస్తాయా? సూటిగా చెప్పండి, మా ఆవిడ ఇది చదివితే రేపటి నుంచి ఇంట్లో చేప వండదు.

జువాలజీ_మేడమ్:
వండమనండి శ్రీనుగారూ, వండితే ఏ గొడవా లేదు. కార్జంలో, పొట్టలో ఉండే ఈ డాల్ఫిన్ ట్రెమటోడ్ల గురించి మనకి బెంగ అక్కర్లేదు. బద్దెపురుగుల్లో మాత్రం డిఫిల్లోబోత్రియం స్టెమ్మాసెఫాలం అని ఒకటుంది, అది పోర్పాయిస్, డాల్ఫిన్ పేగుల్లో ఉండేదే, జపాన్‌లోనూ కొరియాలోనూ మనుషులకి కూడా పట్టింది. కారణం పచ్చి చేప తినడం. మన పులుసులో చేప ఎంతసేపు ఉడుకుతుందో మీకు తెలుసుగా.

సందేహాల_రావు:
పచ్చిగా తినే అలవాటు హైదరాబాద్‌లో కూడా వచ్చేసింది మేడమ్, సుషీ అని.

జువాలజీ_మేడమ్:
పచ్చిగా వడ్డించే చేపని ముందు బాగా లోతుగా గడ్డకట్టించాలి, పురుగు చస్తుంది. అది చేస్తున్నారో లేదో హోటల్ వాళ్లని అడగండి, నన్ను కాదు.

శాన్‌డియాగో_కిరణ్:
అందరూ కార్జం, పొట్ట దగ్గరే ఆగిపోయారు. తల సంగతి ఎవరూ ఎత్తలేదేం?

నాసిట్రేమా అని ఒక ట్రెమటోడ్ జాతి. అది ఉండేది డాల్ఫిన్ తలలో, పుర్రె అడుగున చెవుల చుట్టూ ఉండే గాలి సైనస్‌లలో. ఆ గాలి గదులు అలంకారానికి కాదు, నీళ్లలో శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ పుర్రె నుంచి విడిగా ఉండాలి, ఆ పని చేసేది ఈ గాలే. సరిగ్గా అక్కడ పురుగు మకాం పెట్టింది. ఈ జాతిని మొదట 1935లో జపాన్‌లో ఒజాకి అనే ఆయన వర్ణించాడు, రెక్కలేని పోర్పాయిస్ నుంచి తీసి. వీపు మీద రెక్క లేని ఆ పోర్పాయిస్‌కి దగ్గరి రకం మన తూర్పు తీరంలోనూ ఉంది, శ్రీనుగారు చూసే ఉంటారు.

సైనస్‌లో ఉన్నంతకాలం పెద్ద గొడవ లేదు. అది దారి తప్పి మెదడులోకి పోతేనే కథ మారుతుంది. 1972లో రిడ్జ్‌వే, డెయిలీ అని ఇద్దరు కాలిఫోర్నియాలో ఒడ్డుకొచ్చిన కామన్ డాల్ఫిన్ల మెదళ్లు కోసి చూశారు. రిడ్జ్‌వే అంటే అమెరికా నౌకాదళం డాల్ఫిన్ కార్యక్రమానికి మొదటి నుంచీ ఉన్న పశువైద్యుడు. మెదడులో కణజాలం చచ్చిపోయిన మడతలు, వాటి నిండా పురుగు గుడ్లు. ఈ గుడ్డుని సూక్ష్మదర్శినిలో అడ్డంగా చూస్తే త్రికోణంలా కనిపిస్తుంది, గోధుమరంగు పెంకు, ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. పురుగు కనిపించకపోయినా ఆ త్రికోణాలు కనిపిస్తే చాలు, ఎవరు వచ్చి వెళ్లారో తెలిసిపోతుంది. ఇలాంటి డాల్ఫిన్ గుండ్రంగా తిరుగుతుంది, ఒక పక్కకి ఒరిగిపోతుంది, సముద్రంలోకి తోసినా మళ్లీ ఒడ్డుకే వస్తుంది. జనం పాపం నీళ్లలోకి నెడుతూనే ఉంటారు, వీడియోలు తీస్తూనే ఉంటారు.

పద్మగారి మాటతో కార్జం వరకు ఒప్పుకుంటా. మెదడులో గుడ్లున్న డాల్ఫిన్‌ని చూసి కూడా మామూలే అంటే మాత్రం ఒప్పుకోను.

కడలిగాలి:
అమ్మో. మరి గుంపులు గుంపులుగా ఒడ్డెక్కి చచ్చిపోతాయే, వాటికి కూడా ఇదేనా కారణం?

శాన్‌డియాగో_కిరణ్:
జపాన్‌లో కొందరు అలాగే అన్నారు. 1987లో వచ్చిన పరిశోధనలో గుంపుగా ఒడ్డెక్కిన పళ్ల తిమింగలాలకి (డాల్ఫిన్లు కూడా ఆ కోవలోవే) ఎనిమిదో కపాల నాడి, అంటే వినికిడికీ తూకానికీ సంబంధించిన నాడి, నాసిట్రేమా వల్ల దెబ్బతిన్నదని చూపించారు. దారి వినబడని జంతువు ఒడ్డు ఎక్కిందన్నది వాళ్ల వాదన. నాకు అందులో బలం ఉందనిపిస్తుంది, ఎందుకంటే వీటికి దారి తెలిసేదే శబ్దంతో.

జువాలజీ_మేడమ్:
కిరణ్, ఇక్కడ నేను ఒప్పుకోను. ఒక్క డాల్ఫిన్ తప్పిపోయి ఒడ్డుకి రావడం వేరు, వంద కలిసి రావడం వేరు. వందకి వందా ఒకే రోజు నాడి చెడగొట్టుకున్నాయా? ముందున్న ఒకటి రెండు చెడితే మిగతావి దాని వెంట వచ్చాయంటావా, సరే, అది పురుగు కథ కాదు, వాటి కట్టుబాటు కథ. ఇంకోటి, వలలో చిక్కి చచ్చిన ఆరోగ్యమైన డాల్ఫిన్ల సైనస్‌లలో కూడా ఇవే పురుగులు బోలెడు దొరుకుతాయి. అన్నిటికీ ఉన్నదాన్ని పట్టుకుని కొన్నిటి చావుకి కారణం అనడం ఎలా? 2000 మార్చిలో బహామాస్‌లో తిమింగలాలు ఒడ్డెక్కితే చెవుల దగ్గర రక్తస్రావం దొరికింది, తీరా తేలింది అమెరికా నౌకాదళం సోనార్ శబ్దమని, నౌకాదళమే ఒప్పుకుంది. అప్పుడు పురుగుల మీదకి నెట్టేసి ఉంటే?

శాన్‌డియాగో_కిరణ్:
మేడమ్, గుంపుల విషయంలో మీ మాటకి విలువిస్తా, ఒంటరి డాల్ఫిన్ విషయంలో మాత్రం కదలను. సైనస్‌లో పురుగు ఉండటం సాక్ష్యం కాదు, నిజమే. నాడిలోనో మెదడులోనో గుడ్లు, చుట్టూ చచ్చిన కణజాలం, వాపు, ఇవన్నీ ఒకే చోట ఉంటే అది సాక్ష్యం. డెయిలీ, వాకర్ 1978లో రాసింది కూడా దక్షిణ కాలిఫోర్నియాలో ఒంటరిగా ఒడ్డెక్కిన వాటి గురించే.

జువాలజీ_మేడమ్:
ఒంటరివాటి వరకూ సరే.

సందేహాల_రావు:
హమ్మయ్య. పెళ్లిలో వియ్యంకుల పంచాయితీ తీరినట్టుంది. ఒక చిన్న ప్రశ్న. బద్దెపురుగుల గురించి మేడమ్ ఒక్క ముక్క చెప్పి వదిలేశారు.

డచ్చి_పద్మ:
ఆ కథ నేను చెప్తా, నాకు చాలా ఇష్టం. డాల్ఫిన్ చర్మం కింద కొవ్వులో, ముఖ్యంగా పొట్ట వెనక భాగంలో జననాంగాల దగ్గర, బఠాణీ గింజంత తిత్తులు కనిపిస్తాయి. కోస్తే లోపల తెల్లటి పిల్ల బద్దెపురుగు ముడుచుకుని ఉంటుంది. 1802 నుంచీ ఇవి తెలుసు, కానీ పెద్ద పురుగు ఏ డాల్ఫిన్‌లోనూ దొరకదు. పిల్లలు ఉన్నాయి, తల్లి లేదు. ఎందుకంటే ఈ పురుగు డాల్ఫిన్‌లో పెద్దవ్వాలని రాలేదు, డాల్ఫిన్‌ని ఎవరో తినాలని కాచుకుని కూర్చుంది. ఆ ఎవరో సొరచేప. 2011లో రిస్సో డాల్ఫిన్‌లో దొరికిన పిల్ల పురుగు డీఎన్‌ఏ తెల్ల సొరచేప పేగులోని బద్దెపురుగు డీఎన్‌ఏతో సరిపోయింది.

ఇప్పుడు ఆ తిత్తులు ఎక్కడున్నాయో గుర్తు తెచ్చుకోండి. సొర వెనక నుంచి, కింద నుంచి వచ్చి కరుస్తుంది. కొవ్వున్న వెనక భాగమే మొదట నోట్లోకి పోతుంది. అందుకే అక్కడ ఉంటాయని కొందరి ఊహ, నాకు నచ్చిన ఊహ. ఇంకో రకం తిత్తులు లోపల పొట్ట పొరలకి వేలాడుతుంటాయి. రెండూ ఒకే కుటుంబం.

ఉప్పాడ_శ్రీను:
సొర వాటంగా ఎక్కడ పట్టుకుంటుందో పురుక్కి కూడా తెలుసన్నమాట. అదీ దేవుడి లెక్క.

సిరిసిల్ల_పశువైద్యుడు:
మా గొర్రెల్లో కూడా ఇదే తంతు. ఊరకుక్కలో ఉండే బద్దెపురుగు పిల్ల గొర్రె మెదడులో నీటి తిత్తి కడుతుంది, గొర్రె గుండ్రంగా తిరిగి పడిపోతుంది, కుక్క తల కొరుకుతుంది, మళ్లీ మొదలు. మీ కిరణ్ గారు చెప్పిన గుండ్రంగా తిరిగే డాల్ఫిన్ చదవగానే మా గొర్రెలే గుర్తొచ్చాయి, పురుగు జాతి వేరైనా.

కడలిగాలి:
మన దేశంలో ఎవరైనా చూశారా ఇవి? అన్నీ ఉత్తర సముద్రం, కాలిఫోర్నియా, జపానే వినిపిస్తున్నాయి.

జువాలజీ_మేడమ్:
చాలా పాతకాలం నుంచే ఉంది. పద్మ చెప్పిన కాబోల్డే 1876లో గంగ డాల్ఫిన్ల ట్రెమటోడ్ల మీద రాశాడు. పురుగులు పంపింది కలకత్తా ఇండియన్ మ్యూజియం చూసుకునే జాన్ ఆండర్సన్. ఒక పురుగుకి ఆండర్సనీ అని ఆయన పేరే పెట్టారు. గంగ డాల్ఫిన్ అంటే మనం 2009లో జాతీయ జలచరం చేసుకున్నదే. అప్పటికి ఈ నదిలో డాల్ఫిన్లు ఎన్నున్నాయో లెక్కపెట్టే ఆలోచనే లేదు, కార్జంలో పురుగు పేరు మాత్రం లండన్‌లో అచ్చయిపోయింది.

సందేహాల_రావు:
ఒకటి మిగిలిపోయింది. కొన్నిటికి పురుగులు ఏమీ చేయవు, కొన్ని చిక్కి శల్యమవుతాయి. ఎందుకా తేడా?

డచ్చి_పద్మ:
వయసు, తిండి, ఇంకో జబ్బు, అన్నీ కలుస్తాయి. ఒకటి మాత్రం మనుషుల చేతి పనే. ఇంగ్లండ్, వేల్స్ తీరాల్లో కొట్టుకొచ్చిన పోర్పాయిస్‌లని 1990 నుంచి పద్ధతిగా కోసి చూస్తున్నారు. 1999లో వచ్చిన ఫలితం ఏంటంటే, దెబ్బ తగిలో వలలో పడో చచ్చినవాటి కొవ్వులో కంటే జబ్బుచేసి చచ్చినవాటి కొవ్వులో పీసీబీలు ఎక్కువ. పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన రసాయనాలు అవి, నిషేధించి దశాబ్దాలైనా సముద్రంలోంచి పోవు. రోగనిరోధక శక్తి తగ్గితే రోజూ సర్దుకుపోయే పురుగే నెత్తికెక్కుతుంది. జబ్బుపడ్డ జంతువు చిక్కినప్పుడు కొవ్వులో రసాయనం గాఢత పెరుగుతుంది కాబట్టి ఏది ముందు ఏది వెనక అని వాదించేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం ఆ లెక్కని పురుగుల మీద కంటే ఫ్యాక్టరీల మీదే వేస్తాను.

ఉప్పాడ_శ్రీను:
మందు లేదా మరి? డాక్టర్ గారు గేదెలకి తాగిస్తారుగా.

శాన్‌డియాగో_కిరణ్:
కొలనుల్లో పెంచే డాల్ఫిన్లకి ప్రాజిక్వాంటెల్ ఇస్తారు, నాసిట్రేమాకి అదే పనిచేస్తుంది. పరీక్ష కూడా సులువే, డాల్ఫిన్ తల మీద రంధ్రంలోంచి ఊపిరి వదిలినప్పుడు వచ్చే చీమిడి పట్టి గుడ్లు వెతుకుతారు. సముద్రంలో తిరిగేవాటికి ఎవరు తాగిస్తారు శ్రీనన్నా, రేపు చేప తింటే మళ్లీ ఎక్కుతుంది.

ఉప్పాడ_శ్రీను:
సరే, మా వైపు చచ్చిన డాల్ఫిన్ ఒడ్డుకొస్తే ఏం చేయాలో అది చెప్పండి. కుర్రాళ్లు తోక పట్టుకుని ఈడుస్తూ సెల్ఫీలు దిగుతున్నారు.

సిరిసిల్ల_పశువైద్యుడు:
ముందు కుర్రాళ్లని దూరం జరపండి. డాల్ఫిన్లకి బ్రూసెల్లా అనే బాక్టీరియా సోకుతుంది, అది మనుషులకీ అంటుతుంది, ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, కుక్కల్ని రానివ్వద్దు. అటవీ శాఖకి ఫోన్ చేయండి, 1972 వన్యప్రాణి చట్టంలో డాల్ఫిన్ మొదటి షెడ్యూల్లో ఉంది, మనమే కోసి చూస్తే కేసవుతుంది.

జువాలజీ_మేడమ్:
పోస్ట్‌మార్టం చేయడానికి వచ్చే పశువైద్యులెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకొక మాట. పొట్ట, కార్జం కోసి రిపోర్టు రాసేసి పాతిపెట్టేయకండి, తల కూడా విప్పండి, చెవుల చుట్టూ సైనస్‌లు ఉప్పునీటితో కడిగి ఆ నీళ్లు జల్లెడ పట్టండి. దొరికిన పురుగుల్లో కొన్ని ఆకారం చూడ్డానికి 70 శాతం ఆల్కహాల్‌లో, కొన్ని డీఎన్‌ఏ కోసం 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుంది. మెదడు ముక్క మాత్రం ఫార్మలిన్‌లోనే, కిరణ్ చెప్పిన త్రికోణాలు వెతకాలంటే అది కావాలి. చీటీ మీద ఎక్కడ, ఎప్పుడు, ఏ జంతువు, ఏ అవయవం అన్నది పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

ఉప్పాడ_శ్రీను:
మా మండలం పశువుల ఆసుపత్రి డాక్టర్ గారికి ఇది పంపించా మేడమ్. తల విప్పడానికి రంపం కావాలన్నారు, మా పడవల షెడ్డులో ఉంది, ఇస్తానన్నా.